పరిచర్య చేయువారికి పరిచర్య

ఇంటిలో ఒకరు మంచము పట్టినప్పుడు చూడవచ్చిన బంధువులు అడుగునది రోగిని గూర్చియే. ఆహారము పోవుచున్నదా, నిద్ర పట్టుచున్నదా, వైద్యుడు ఏమనెను అని విచారింతురు. ఆ మంచము ప్రక్కన రాత్రింబవళ్ళు నిలిచియున్న ఇల్లాలినో, కోడలినో, కుమారునో పిలిచి “నీవు నిద్రపోయితివా? అన్నము తింటివా?” అని అడుగువారు అరుదు. రోగికి మందుచీటి కలదు. పరిచర్య చేయువారికి ఏ చీటియు లేదు. ఈ వ్యాసము ఆ రెండవవారిని గూర్చినది.

ఈ విషయమును పరిశీలించుటకు తమిళదేశమునందలి కోయంబత్తూరు, మధుర ప్రాంతముల పాత తెలుగు కుటుంబములు మంచి తావు. 14వ శతాబ్దిలో విజయనగర రాజకుమారుడగు కుమారకంపన మధురను జయించిన పిమ్మటను, విశేషించి 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకునితో మధుర నాయక రాజ్యము నెలకొనిన పిమ్మటను తెలుగువారు అటు తరలిపోయి స్థిరపడిరి. బలిజలు, కమ్మవారు, రెడ్లు, రాజులు, దేవాంగులు, ఇరువదినాలుగు మనై తెలుగు సెట్లు, అరుంధతీయులు ఇట్లు పెక్కు వర్గములవారు అందున్నారు. నాయక రాజ్యము 1736లో అంతరించినది గాని వారి ఇండ్లలో తెలుగు అంతరింపలేదు. అయితే అది బడిలో నేర్చిన తెలుగు కాదు. చాలమందికి తెలుగు లిపి రాదు. చదువు తమిళమునను, ఇంగ్లీషునను. బజారులో బేరము తమిళమున. తెలుగు వంటింటిలోను, పెద్దల నోటను నిలిచినది. ఆరోగ్యముగా నున్నంతకాలము ఇందు ఏ ఇబ్బందియు లేదు. ఇంటి పెద్ద మంచము పట్టినప్పుడే చిక్కు బయటపడును.

డిమెన్షియా అని వైద్యులు చెప్పు మతిమరపు వ్యాధిని తీసికొందము. భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి ఈ వ్యాధి కలదనియు, వారి సంఖ్య సుమారు 88 లక్షలనియు 2023లో ప్రకటింపబడిన జాతీయ పరిశీలన తెలుపుచున్నది. ఈ వ్యాధి ముదిరినవారిలో కొందరికి తరువాత నేర్చిన భాష ముందు జారిపోయి, తల్లి ఒడిలో నేర్చిన మాట కడవరకు నిలుచును. నలుబది సంవత్సరములు తమిళమున వ్యాపారము నడపిన తాత ఒకనాటి నుండి తెలుగు తప్ప మాటాడడు. జీతమునకు వచ్చిన పరిచారిక తమిళ స్త్రీ. ఆయన “చలి, చలి” యనును. తమిళమున ఆ ధ్వనికి దగ్గరి మాటకు కఫమని యర్థము. ఆమె పాపము శ్రద్ధతోనే దగ్గుమందు తెచ్చి పట్టును. ఆయనకు కావలసినది దుప్పటి. మందు వద్దని చేయి విదిల్చును, గిన్నె దొర్లును, “తాత కొట్టుచున్నాడు” అని పరిచారిక మరునాడు పని మానుకొనును. అప్పుడు ఆ ఇంటిలో తెలుగు బాగుగా తెలిసి, పగలు ఇంటనుండు ఒకే ఒక్క మనిషి మీద భారమంతయు పడును. సాధారణముగా ఆమె కోడలు. మనుమలకు తెలుగు అర్థమగును గాని వారు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉందురు. కోడలు వండును, తినిపించును, కడుగును. వీనికి తోడు దుబాసి పని కూడ ఆమెదే. దుబాసికి సెలవు దినము లేదు.

రాజస్థానము నుండియు, గుజరాతు నుండియు వచ్చి తెలుగు పట్టణములలో అంగళ్ళు పెట్టుకొనిన జైన కుటుంబములకు ఈ కథ పరాయిది కాదు. అంగడిలో తెలుగు, ఇంటిలో మార్వాడీయో గుజరాతీయో. అవ్వ మంచము పట్టినప్పుడు ఆస్పత్రి దాదికి ఆమె మాట తెలియదు. మధురలో తెలుగు కోడలికి ఏది సంభవించుచున్నదో గుంటూరులో మార్వాడీ కోడలికి అదియే సంభవించును. దీనికి ఒక చిన్న ఉపాయము కలదు. రోగి నిత్యము వాడు ముప్పది నలుబది మాటలను పరిచారికకు తెలిసిన లిపిలో పెద్ద అక్షరములతో వ్రాసి, అర్థము ఎదురుగా చేర్చి, మంచము తలవైపు గోడకు అంటింపవలెను. దప్పిక, చలి, నొప్పి, తిప్పట, దురద, ఒంటికి, రెంటికి, దీపము ఆర్పు, తలుపు వేయి మున్నగునవి చాలును. రోగి ఇంటివారిని ఏ వరుసతో పిలుచునో అదియు వ్రాయవలెను. ఈ ఒక్క కాగితము కోడలికి దినమున రెండు గంటలైనను విడుదల నిచ్చును.

(రెండు భాషల సంసారము వలన కలుగునది చిక్కు మాత్రమే కాదు. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రిలో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, రెండు లేక అంతకు మించిన భాషలు మాటాడువారికి ఈ వ్యాధి ఏకభాషులకంటె సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా వచ్చినది. ముసలివారితో ఇంటి భాష మానవలసిన పని లేదు.)

పరిచర్య చేయువారి శ్రమ కేవలము మనసునకు సంబంధించినదని తలచుట పొరపాటు. అది ఒంటిని తినివేయును. 1995లో అమెరికాలో ఒక చిన్న పరీక్ష జరిగినది. మతిమరపు రోగులైన బంధువులకు పరిచర్య చేయు 13 మంది స్త్రీలకును, అదే ఈడు గల మరి 13 మంది స్త్రీలకును చర్మముపై ఒకే కొలత గల చిన్న గాయము చేసి, మానుటకు ఎన్నాళ్ళు పట్టునో లెక్కించిరి. పరిచర్య చేయువారి గాయము తొమ్మిది దినములు ఆలస్యముగా మానినది. సంఖ్య తక్కువయే, కాని ఆ తొమ్మిది దినములు ఆలోచింపదగినవి. 1999లో ప్రకటింపబడిన మరియొక పరిశీలనలో, వ్యాధిగ్రస్తులైన భార్యకో భర్తకో పరిచర్య చేయుచు అందువలన నలిగిపోవుచున్న వృద్ధులలో నాలుగేండ్ల కాలమున మరణభయము ఇతరులకంటె నూటికి 63 వంతులు హెచ్చుగా కనబడెను. పరిచర్య చేయుచున్నను నలిగిపోని వారిలో ఆ హెచ్చు రుజువు కాలేదు. ఇక్కడనే అసలు విషయమున్నది. మనిషిని కూల్చునది సేవ కాదు. ఒంటరిగా, విరామము లేక, ఎవరును చూడక చేయు సేవ.

నలుగుట ఆరంభమైనదని ఎట్లు తెలియును? ముందు నిద్ర పోవును. రోగి నిద్రించుచున్నను పరిచారకునికి కన్ను మూతపడదు. తన రక్తపోటు మాత్ర, తన చక్కెరవ్యాధి మాత్ర మరచును. నిలువు కాళ్ళ మీద అన్నము తినును. చుట్టములు వచ్చినచో విసుగు, రాకున్నచో దుఃఖము. చిన్న మాటకు పిల్లల మీద కేకలు. ఇంతకంటె లోతైన గుర్తు ఒకటి కలదు. దానిని ఎవరును పైకి చెప్పరు. “ఇది ఎప్పటికి ముగియును?” అను తలపు రాత్రి రెండు గంటలకు వచ్చును, వచ్చిన వెంటనే “ఎంత పాపిష్ఠి తలపు” అని తనను తాను నిందించుకొనుట వచ్చును. ఆ తలపు పాపిష్ఠి హృదయమునకు గుర్తు కాదు, అలసిన ఒంటికి గుర్తు. ఇంటి పెద్దలు ఈ సంగతిని గ్రహించి, ఆమె నోరు విప్పకముందే పని పంచవలెను.

పని పంచుట యనగానే లెక్క వచ్చును. కేంద్ర ప్రభుత్వము 2024లో జరిపిన కాలవినియోగ గణన ప్రకారము 15 నుండి 59 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 41 మంది ఇంటివారి సంరక్షణ పనిలో పాల్గొనుచున్నారు, పురుషులలో 21.4 మంది మాత్రమే. పాల్గొను స్త్రీ దినమునకు 140 నిమిషములు, పాల్గొను పురుషుడు 74 నిమిషములు వెచ్చించుచున్నారు. ఇందు పిల్లల పెంపకమును చేరినది. వంట, అంట్లు, బట్టలు ఇందు చేరవు. అవి వేరు లెక్క.

వ్యాపారస్థుల ఇంట ఈ మాటను వ్యాపారపు మాటగా చెప్పిన త్వరగా తెలియును. గల్లాపెట్టె దగ్గర ప్రొద్దున ఏడు గంటలకు కూర్చున్న గుమాస్తాను రాత్రి పది వరకు, అక్కడనుండి తెల్లవారువరకు, మరల ఏడింటినుండి, ఇట్లు మూడు వందల అరువదియైదు దినములు కూర్చుండబెట్టు యజమాని ఎవడైన కలడా? లెక్క తప్పునని భయపడి మధ్యాహ్నమునకే మనిషిని మార్చును. సరుకు విషయమున తోచిన ఈ తెలివి అదే ఇంటి మేడమీద తల్లి మంచము ప్రక్కన ఎందుకు తోచదు? తోచకపోవుటకు కారణము ఆ పని చిట్టాలోను లేదు, ఆవర్జాలోను లేదు. వ్రాయని పద్దునకు విలువ లేదు. కనుక వ్రాయవలెను. వారమునకు 168 గంటలు. ఏ గంట ఎవరిది అని కాగితముపై గళ్ళు గీసి పేర్లు వ్రాసినచో, నూట ఏబది గళ్ళలో ఒకే పేరు కనబడును. ఆ కాగితమును చూచిన అన్నదమ్ములు చాలమంది మాటాడక తమంతట తామే ఒక రాత్రి తీసికొందురు. దూరమున నున్న కుమార్తె రాలేనిచో పరిచారిక జీతములో తన వంతు పంపవచ్చును, లేదా వారమున ఒక దినము ఫోనుపై తల్లితో గంటసేపు మాటాడుచు వదినెను బయటకు పంపవచ్చును.

దీనికి కోయంబత్తూరులో ఒక మంచి పూర్వోదాహరణ కలదు. పీలమేడులోని తెలుగు కుటుంబమునకు చెందిన పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తి పంచుకొనునప్పుడు నాలుగు భాగములు చేయక ఐదు చేసిరి. ఐదవది ధర్మమునకు. 1926లో ఏర్పడిన ఆ ధర్మసంస్థయే నేడు పి.ఎస్.జి. పేరుతో విద్యాలయములను, వైద్యశాలను నడపుచున్నది. ధర్మమును ఒక సోదరునిగా లెక్కించి వాటా వేసిన పద్ధతి అది. తల్లిదండ్రుల పరిచర్యకును అట్లే ఒక వాటా వేసినచో ఎట్లుండును? పంపకపు కాగితములో ఏ అంగడి ఎవరికి, ఏ ఇల్లు ఎవరికి అని పేజీలు నిండును. అమ్మను ఎవరు చూతురు, చూచువారికి నెలకు ఎన్ని దినములు విడుదల, ఖర్చు ఏ ఖాతాలో అను మాట ఒక పంక్తియైనను ఉండదు. చట్టమును చూచినను అంతే. వృద్ధ తల్లిదండ్రుల పోషణకై 2007లో చేయబడిన కేంద్ర చట్టము కుమారుని, కుమార్తెను, మనుమని, మనుమరాలిని బాధ్యులుగా పేర్కొన్నది. పని చేయు కోడలి పేరు అందులో లేదు. ఆమె విశ్రాంతి మాట అసలే లేదు. చట్టము చెప్పనిదానిని కుటుంబము వ్రాసికొనుటకు అభ్యంతరమేమియు లేదు.

ఇక భోజనము మాట. జైన గృహములందు దీనిని ప్రత్యేకించి చెప్పవలసియున్నది. సూర్యాస్తమయమునకు ముందు భోజనము ముగించు నియమము గల ఇంటిలో సాయంకాలము ఐదు గంటల ప్రాంతమున ఏమి జరుగునో చూడవలెను. రోగికి తినిపించు వేళయు అదియే. మ్రింగుట కష్టమైనవారికి ఒక్కొక్క చెంచా పట్టుచు, నోరు తుడుచుచు, కూర్చుండబెట్టుచు ముప్పావు గంట గడచును. మధ్యలో బట్ట మార్చవలసి వచ్చును. ఆమె చేయి కడుగుకొని వచ్చునప్పటికి ప్రొద్దు క్రుంకును. నియమము తప్పదు, ఆమె మంచినీరైన ముట్టక పడుకొనును, కాదు, పడుకొనదు, రాత్రి పరిచర్య చేయును. మరునాడు సూర్యోదయమైన పిదప నోటిలో ఏదైన వేసికొనునప్పటికి పదునెనిమిది ఇరువది గంటలు గడచియుండును. ఇది వారమున నాలుగు దినములు జరిగినచో వ్రతము కాదు, ఆకలి. ఇంటిలో ఎవరును దీనిని గమనింపరు, ఏలయన ఉపవాసము ఆ ఇంట మామూలు మాట. నియమము చెడకుండ దీనిని సరిచేయుట తేలిక. పరిచర్య చేయునామెకు నాలుగున్నరకే, అందరికంటె ముందు, కూర్చుండి తిను భోజనము పెట్టవలెను. ఆ తరువాతనే రోగి పళ్ళెము. ఈ క్రమమును అత్తగారో మామగారో తమ నోట చెప్పవలెను. కోడలు తానై ముందు కూర్చుండజాలదు.

పర్యూషణ దినములలోను, దశలక్షణ దినములలోను పెద్ద ఉపవాసములు పట్టువారి విషయమున పెద్దలు ఒక సంగతి స్మరింపవలెను. తత్త్వార్థసూత్రము తపస్సును బాహ్యమని ఆరు, అభ్యంతరమని ఆరు విధములుగా విభజించినది. ఉపవాసము బాహ్య తపస్సులలో మొదటిది. వైయావృత్త్యము, అనగా పరిచర్య, అభ్యంతర తపస్సులలోనిది. పరిచర్యకు అర్హులుగా పేర్కొనబడిన పదిమందిలో గ్లానుడు, అనగా రోగి, ఒకడు. శాస్త్రము అక్కడ చెప్పినది ముఖ్యముగా మునుల పరిచర్యను గూర్చియే. గృహస్థుల ఇంటి పరిచర్యకు దానిని అన్వయించుట తరువాతివారి భావన. అయినను మంచములోని మనిషిని దినమున పదిసార్లు ఎత్తి దించు స్త్రీ ఆ సంవత్సరము ఎనిమిది దినముల ఉపవాసము పట్టలేదని ఆమెను తక్కువ చేయుట శాస్త్రము తెలిసినవారు చేయు పని కాదు. ఖాళీ కడుపుతో ఎత్తునప్పుడు తలతిరిగి పడినచో ఇద్దరును పడుదురు.

సామాయికము మాటయు ఇట్టిదే. రెండు గడియలు, అనగా 48 నిమిషములు. అలవాటున్న స్త్రీ రోగి మంచము ప్రక్కనే కూర్చుండి చేయుదునని మొదలుపెట్టును. మధ్యలో మూడుసార్లు లేచును. ఆ 48 నిమిషములు మరియొకరు రోగి దగ్గర కూర్చుండి, ఆమెను వేరు గదికో, ఉపాశ్రయమునకో పంపవలెను. సామాయికము అలవాటు లేనివారికి మేడమీద నడకయైనను, తలుపు వేసికొని ఊరక కూర్చుండుటయైనను సరియే. ఏమి చేసెనని అడుగరాదు.

రాత్రిని రెండు భాగములు చేయుట అన్నిటికంటె ముఖ్యము. పది నుండి రెండు వరకు ఒకరు, రెండు నుండి ఆరు వరకు ఒకరు. అంతరాయము లేని నాలుగు గంటల నిద్ర ముక్కలు ముక్కలైన ఏడు గంటలకంటె మేలు. “నేనును మేలుకొనియే యున్నాను” అని ఇద్దరును కూర్చుండుట ప్రేమయే గాని, దానివలన మరునాడు ఇద్దరును పనికి రారు.

నడుము విషయమున కొంచెము వివరము కావలెను, ఏలయన పరిచర్య చేయువారిని తరచు బాధించునది నడుమే. కదలలేని రోగిని రెండు గంటల కొకసారి ప్రక్కకు తిప్పవలెను. లేనిచో పిరుదుల దగ్గరను, మడమల దగ్గరను పడకపుండ్లు పుట్టును. తిప్పుటకు చంకల క్రింద చేతులు పెట్టి లాగరాదు. రోగి భుజములనుండి తొడలవరకు వచ్చునట్లు ఒక నూలు దుప్పటిని నాలుగు మడతలు చేసి క్రింద పరచియుంచవలెను. ఇరుప్రక్కల ఇద్దరు నిలిచి ఆ దుప్పటి అంచులను పట్టి ఒకేసారి జరుపవలెను. బరువు దుప్పటి మోయును. లేవలేని రోగి మంచము కోళ్ళ క్రింద గట్టి కొయ్యదిమ్మలు పెట్టి పరిచారకుని నడుము ఎత్తునకు తెచ్చినచో వంగుట తగ్గును. అయితే తనంతట దిగి నడచు రోగికి ఎత్తు మంచము ప్రమాదము. గాలి పరుపు అద్దెకును దొరకును. అది ఉన్నను ప్రక్కకు తిప్పుట మానరాదు.

మతిమరపు రోగితో వాదింపకుండుట మరియొక విశ్రాంతి. ప్రొద్దుగూకు వేళ ఈ రోగులలో చాలమందికి కలత హెచ్చును. తన ఇంటిలోనే యున్న అత్త కోడలి చేయి పట్టి, ఆమెను తన తల్లియనుకొని, “అమ్మా, ఇంటికి పోదాము రా” యనును. “ఇదే మన ఇల్లు అత్తా, ఎన్నిసార్లు చెప్పేది” అని కోడలు పదిసార్లు చెప్పును. పదునొకండవసారి గొంతు లేచును. ఆ తరువాత రాత్రియంతయు తన్ను తాను తిట్టుకొనును. దానికంటె “సరే, పోదాము” అని చేయి పట్టుకొని అరుగు వరకు నడచి, వీధి చూపి, వెనుకకు తీసికొని వచ్చుట మేలు. రోగి అడుగుచున్నది చిరునామా కాదు, ధైర్యము. ఎప్పుడైన చేయి లేచునంత కోపము వచ్చినచో రోగిని సురక్షితముగా కూర్చుండబెట్టి, గది విడిచి, ఇంటిలో మరియొకరిని పిలువవలెను. పిలుచుటకు మరియొకరు ఉండవలెను గదా! అందుకే పైన చెప్పిన గళ్ళ కాగితము.

పరిచర్యను తగ్గించు మార్గములలో, రోగికి తీర్పదగిన లోపమును తీర్చుట మొదటిది. చాలమంది వృద్ధులు పరాధీనులగుటకు కారణము పెద్ద వ్యాధి కాదు, కంటి శుక్లము. గోవిందప్ప వెంకటస్వామిగారు (1918-2006) దక్షిణ తమిళదేశపు తెలుగు రైతు కుటుంబమున పుట్టి నేత్రవైద్యులైరి. యౌవనమున కీళ్ళవాత వ్యాధి ఆయన వ్రేళ్ళను వంకరలు చేసినది; ఆ వ్రేళ్ళతోనే కత్తి పట్టుట మరల నేర్చుకొనిరి. ప్రభుత్వ ఉద్యోగ విరమణానంతరము 1976లో మధురలో 11 పడకలతో అరవింద నేత్రవైద్యశాలను ఆరంభించిరి. సోదర సోదరీమణులును వారి కుటుంబములును అందు చేరిరి. ఆ వైద్యశాల చేసిన లక్షలాది శస్త్రచికిత్సలు సాధారణముగా రోగి వైపునుండి లెక్కింపబడును. ఇంటివైపునుండియు లెక్కింపవచ్చును. శుక్లము తీసిన అవ్వ తానే మరుగుదొడ్డికి పోవును, తానే అన్నము కలుపుకొనును. ఒక కోడలికి దినమున నాలుగు గంటలు తిరిగి వచ్చును. చెవి వినికిడి యంత్రము, మరుగుదొడ్డి గోడకు పట్టుకొమ్మి, మంచము దగ్గర పెట్టు కుర్చీ దొడ్డి కూడ ఇట్టివే. “ఈ వయసులో ఇంక ఎందుకు” అనువారు, ఆ వయసు పని ఎవరి చేతులమీద నడచుచున్నదో చూచి అనవలెను.

బయటి సహాయమును కోరుట సిగ్గుపడవలసిన పని కాదు. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టులో మక్కళై తేడి మరుత్తువం అను పథకమును ఆరంభించినది. ప్రజలను వెదకికొని వచ్చు వైద్యమని దాని యర్థము. రక్తపోటు, చక్కెరవ్యాధి మందులు ఇంటికి తెచ్చుట, కదలలేనివారికి వ్యాయామ చికిత్స, నయము కాని వ్యాధులవారికి ఉపశమన సేవ దానియందు చేరియున్నవి. మధురలో 1992లో స్థాపింపబడిన ఎం.ఎస్. చెల్లముత్తు ట్రస్టు మనోరోగుల పునరావాసమునకు పని చేయుచున్నది. పరిచర్య చేయువారికే మనసు కృంగినప్పుడు 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్ అను ఈ సేవ ఉచితము, రాత్రింబవళ్ళు దొరకును, తెలుగులోను మాటాడవచ్చును. తమిళనాట నున్న తెలుగు కోడలికి ఇది చిన్న సౌకర్యము కాదు. వృద్ధుల విషయములకు 14567 అను మరియొక సంఖ్య కలదు.

సహాయము అందని ఇండ్ల గతి ఏమగునో చూపు దుర్ఘటన మధురకు దూరము కాని తావున జరిగినది. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున రామనాథపురము జిల్లా ఎర్వాడిలో మనోరోగులను ఉంచు ఒక పాకకు నిప్పంటుకొని, గొలుసులతో కట్టబడియున్న 28 మంది మరణించిరి. గొలుసులు వేసినవారి నేరము నేరమే. మనోరోగులను ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము శాసించినది. కాని అక్కడ తమవారిని దించిపోయిన బంధువులందరును రాతిగుండెవారని చెప్పుటకు వీలులేదు. ఏండ్ల తరబడి ఒక్కచేతిమీద మోసి, ఇక మోయలేక, ఎక్కడనైన దించవలసిన స్థితికి వచ్చినవారును ఉందురు. వారిని ఆ స్థితికి రాకముందు అడిగినవారు ఎవరు?

జీతమునకు మనిషిని పెట్టుకొనువారు ఒక విషయము మరువరాదు. ఆమెయు పరిచర్య చేయు మనిషియే. ఆమెకును వారమునకు ఒక దినము సెలవు, పండుకొనుటకు వేరు చాప, వేళకు అన్నము కావలెను. ఇంటి కోడలి బరువును దించి మరియొక ఇంటి కోడలి మీద పెట్టిన లెక్క కుదరదు.

రోగి కన్నుమూసిన పిమ్మట పరిచర్య చేసినవారిని అందరును మరచిపోవుదురు. “ఇక నీకు విశ్రాంతి” అందురు. మంచము తీసివేయుదురు, మందుసీసాలు పారవేయుదురు. ఆమె మాత్రము రెండు గంటల కొకసారి మేలుకొనుచునే యుండును, ప్రక్కకు తిప్పవలసిన మనిషి లేకున్నను. కొన్ని వారములు ఇట్లు జరుగుట సహజము. రెండు మూడు నెలలు దాటినను నిద్ర రాక, అన్నము సహింపక, ఏ పనియందును మనసు నిలువకున్నచో వైద్యునికి చూపవలెను. ఈలోగా చేయింపదగినది మరియొకటి కలదు. ఆ రెండు మూడేండ్లలో తన కొరకు వాయిదా వేసికొనిన పనులు ఆమెకు ఎన్నియో ఉండును; పంటి నొప్పి, కంటి అద్దములు, రక్తపరీక్ష, పుట్టినింటి ప్రయాణము. ఇంటివారు ఆమెను అడిగి ఆ పట్టిక వ్రాసికొని, మాసికము లోపలనే మొదటి పనికి బండి పిలువవలెను.